పఠనక్రమం – జీవితాన్వయం: తడ తీరంలో కతోలిక దైవార్చన సంవత్సరం

కతోలిక దేవాలయంలో ఆదివారంనాడు చదివే పరిశుద్ధ గ్రంథ భాగాలను పూజ అర్పించే గురువు ఎంచుకోడు. వినవచ్చిన విశ్వాసులూ ఎంచుకోరు. అవి ముందే నిర్ణయమై ఉంటాయి. ఒక ఆదివారం రోములో ఏ సువిశేష భాగం చదువుతారో, తిరుపతి జిల్లా ఆగ్నేయపు కొసన ఉన్న తడలోనూ సాధారణంగా అదే చదువుతారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన శాసనం విశ్వాసులకు పరిశుద్ధ గ్రంథాన్ని మరింత విస్తారంగా వినిపించాలని కోరింది. దాని ఫలితంగా 1969లో కొత్త పఠనక్రమం వెలువడింది. అంతకుముందు ఏటేటా అవే భాగాలు తిరిగి వచ్చేవి; ఆదివారాల్లో పాత నిబంధన చాలా అరుదుగా వినిపించేది. కొత్త క్రమంలో ఆదివారాలకు మూడేళ్ల ఆవృత్తి ఏర్పడింది. మొదటి ఏడు మత్తయి, రెండవ ఏడు మార్కు, మూడవ ఏడు లూకా. యోహాను సువిశేషం ప్రధానంగా తపస్కాలంలోనూ పాస్కా కాలంలోనూ వినిపిస్తుంది. మూడుతో నిశ్శేషంగా భాగింపబడే సంవత్సరం లూకాది అని గుర్తు పెట్టుకుంటే లెక్క తప్పదు. అయితే ఆ సంవత్సరం జనవరితో కాక అంతకుముందరి నవంబరు చివరనో డిసెంబరు మొదటనో వచ్చే ఆగమన కాలపు తొలి ఆదివారంతో ఆరంభమవుతుంది.

అదే శాసనం ప్రసంగాన్ని పూజలో అంతర్భాగంగా గుర్తించింది. చదివిన వాక్యాన్ని జీవితానికి అన్వయించి చెప్పడం గురువు బాధ్యత, అన్వయించుకోవడం శ్రోత బాధ్యత. ఈ మాట ఎంతగా అలవాటైపోయిందంటే అందులోని నైతిక సమస్య ఎవరి దృష్టికీ రాదు. తాను ఎంచుకోని వాక్యానికీ తాను ఎంచుకోని పరిస్థితికీ మధ్య మనిషి ఒక సంబంధాన్ని కల్పిస్తున్నాడు. ఆ సంబంధం నిజమైనదా, కేవలం అనుకూలమైనదా అని తేల్చడానికి ప్రమాణం ఏమిటి?

అన్వయ హేతువులు

‘అన్వయం’ తెలుగు కావ్యపాఠకులకు సుపరిచితమైన మాట. పద్యంలో చెదిరి ఉన్న పదాలను అర్థం కుదిరే వరుసలో కూర్చుకోవడం అన్వయం. ఆ కూర్పు వ్యాఖ్యాత ఇష్టాన్ని బట్టి సాగదు. వాక్యార్థ జ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు హేతువులు కావాలని శాస్త్రం చెబుతుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం ద్వారా ఈ త్రయం పాఠశాలల్లో తరతరాలుగా బోధింపబడుతూ వచ్చింది. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. రెండు అర్థాలు కలియడానికి బాధకం లేకపోవడం యోగ్యత. పదాలు ఎడం లేకుండా రావడం సన్నిధి. ఎవరైనా నిప్పుతో తడపమంటే, ఆ మాటలో ఆకాంక్షా ఉంది, సన్నిధీ ఉంది. నిప్పుకు తడిపే శక్తి లేదు కనుక వాక్యార్థం మాత్రం పుట్టదు.

క్రైస్తవ వస్తువును దేశీయమైన ఆలోచనా పద్ధతితో పరిశీలించడం తెలుగువారికి కొత్త కాదు. 18వ శతాబ్ది తొలి సంవత్సరాల్లోనే జెస్యూటు గురువులు పుంగనూరు ప్రాంతానికి వచ్చారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనం’ పేరుతో తెలుగు కావ్యంగా మలిచాడు. కనుక పై మూడు హేతువులను పఠనానికీ జీవితానికీ మధ్య ఉండే సంబంధానికి వర్తింపజేయడం అసహజం కాదు. అలా చేస్తే సమస్య స్వరూపం తేటపడుతుంది. దైవార్చన పంచాంగం సన్నిధిని తనంతట తానే సమకూరుస్తుంది: ఫలానా తేదీన ఫలానా భాగం. మనిషి కష్టసుఖాలు ఆకాంక్షను సమకూరుస్తాయి. యోగ్యతను మాత్రం ఎవరూ సిద్ధం చేసి ఇవ్వరు. దాన్ని విచారించి నిర్ణయించుకోవాలి. సన్నిధి కుదిరింది కాబట్టి యోగ్యత కూడా కుదిరిందని భావించడమే అన్వయ దోషాల్లో తరచుగా కనిపించేది.

సరస్సు పంచాంగం, దేవాలయ పంచాంగం

తడకు తూర్పున పులికాట్ సరస్సు, పడమటి వైపు శ్రీసిటీ పారిశ్రామికవాడ, ఊరిని ఆనుకొని చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడేవరకు ఇది నెల్లూరు జిల్లాలోని మండలం. సరస్సుకు తనదైన పంచాంగం ఉంది. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలకు ఉత్తరాన స్వర్ణముఖి, కాళంగి, దక్షిణాన ఆరణి నదుల మంచినీరు అందులో చేరుతుంది. నీటి ఒత్తిడికి ఇసుకమేటలు కోసుకుపోయి ముఖద్వారాలు తెరుచుకుంటాయి. సముద్రం నుంచి రొయ్య, చేప లోపలికి వస్తాయి. వాటి వెంట వలస పక్షులు వస్తాయి. ఫాల్గుణం దాటేసరికి నీరు తీస్తుంది. నడివేసవిలో సరస్సు ఉత్తర భాగం చాలావరకు ఉప్పు పేరిన బురదనేలగా మిగులుతుంది.

దేవాలయ పంచాంగం మధ్యధరా ప్రాంతపు ఋతువుల్లో రూపుదిద్దుకున్నది. అక్కడ క్రిస్మసు చీకటి చలికాలపు నడుమ వెలుగు. పాస్కా వసంతపు పౌర్ణమి తరువాతి ఆదివారం. తడలో ఆగమన కాలం వాన, వాయుగుండాల కాలం. తపస్కాలం నీరు తగ్గే కాలం. పాస్కా మండుటెండ. నిరీక్షణకు ప్రతీక అయిన నెలల్లో సరస్సు నిండుతుంది, పునరుత్థాన సంతోషానికి ప్రతీక అయిన నెలల్లో ఎండుతుంది. చైత్రంలో వేప పూస్తుంది, మామిడి కాస్తుంది కనుక చెట్టును చూపి పాస్కాను వివరించడం ఇక్కడ సాధ్యమే. నీటిని చూపి వివరించడం కష్టం. ఈ పొసగకపోవడాన్ని లోపంగా భావించి ప్రసంగంలో దాటవేయడం కద్దు. పొసగని చోటనే శ్రోత ఆలోచించక తప్పని పరిస్థితి వస్తుందన్నది గమనించదగిన విషయం.

మాటల స్థాయిలోనూ ఇదే జరుగుతుంది. తపస్కాలాన్ని ప్రారంభించే విభూది బుధవారంనాడు నుదుట బూడిద పెట్టి, మనిషి మట్టి అని గుర్తు చేస్తారు. అదే జిల్లాలోని శ్రీకాళహస్తిలో విభూతి ఈశ్వరుని ఐశ్వర్యానికి గుర్తు. సంస్కృతంలో ఆ పదానికి మహిమ అనే అర్థం. 2026లో మహాశివరాత్రి ఫిబ్రవరి 15న, విభూది బుధవారం 18న వచ్చాయి. మూడు రోజుల ఎడంతో ఒకే ప్రాంతంలో ఒకే మాట ఒక నుదుట మహిమను, మరొక నుదుట మృత్యువును సూచించింది. తెలుగు కతోలికులు ఆ మాటను అరువు తెచ్చుకున్నప్పుడు అందులోని వెనుకటి అర్థం పూర్తిగా తొలగిపోయిందని చెప్పలేం. మట్టినని ఒప్పుకునే మనిషికి ఆ ఒప్పుకోలులోనే ఏదో గౌరవం దక్కుతోందన్న భావన తెలుగు మాట వల్ల కలిగిన అదనపు ఛాయ కావచ్చు.

ఒక్కపొద్దు సంగతి ఇంకా విచిత్రం. తపస్కాలపు శుక్రవారాల్లో మాంసం వర్జ్యం, చేప వర్జ్యం కాదు. మాంసం విందుకు, చేప నిరాడంబరతకు చిహ్నమైన సమాజంలో ఆ నియమానికి అర్థం ఉంది. సరస్సు ఒడ్డున రొయ్యల ఇగురు వండుకునే ఇంట్లో నియమం తు.చ. తప్పకుండా పాటింపబడుతుంది, త్యాగం మాత్రం ఏమీ ఉండదు. విభూది బుధవారం తరువాతి శుక్రవారంనాడే పఠనక్రమం యెషయా గ్రంథం 58వ అధ్యాయాన్ని వినిపించడం ఇక్కడ పనికివస్తుంది. ఉపవాసం చేస్తూనే పనివారిని పీడించే వారిని ప్రవక్త అందులో నిలదీస్తాడు. అన్యాయపు కట్లు విప్పడమే దేవునికి ఇష్టమైన ఉపవాసమని తేల్చి చెబుతాడు. నియమానికీ తడ జీవితానికీ యోగ్యత కుదరని చోట, ఆ పఠనానికి కుదురుతుంది.

వరద, ఉప్పెన

2015 నవంబరు 29 ఆగమన కాలపు తొలి ఆదివారం. లూకా సంవత్సరం ఆనాడే మొదలైంది. ఆనాటి సువిశేషం 21వ అధ్యాయంలోని భాగం: సముద్రపు హోరుకు, అలల ఘోషకు జాతులు తల్లడిల్లుతాయన్న హెచ్చరిక. అప్పటికే ఆ నెలలో కురిసిన వానలకు చెన్నై, నెల్లూరు ప్రాంతాలు తడిసి ముద్దయ్యాయి. రెండు రోజుల తరువాత, డిసెంబరు 1న, చెన్నై నగరం మునిగింది. ఇంతటి సన్నిధి అరుదు. ఆ పఠనం విన్నవారిలో ఎవరికైనా ఇది తమకే చెప్పిన మాట అనిపిస్తే ఆశ్చర్యం లేదు. అయితే అదే భాగం అదే రోజున వాన చుక్క లేని దేశాల్లోనూ చదివారు. పఠనం వరదను ముందే చెప్పిందనడం నిప్పుతో తడపమనడం వంటిదే. ఆ భాగంలోనే మరొక వాక్యం ఉంది: తిండి, తాగుడు, బతుకు చింతలతో హృదయాలు మందగించనీయవద్దని. చెరువు కట్టలు, కాలువలు పూడిపోతున్నా పట్టించుకోని మందగొడితనానికి ఆ వాక్యంతో నేరుగా అన్వయం కుదురుతుంది. వినడానికి మొదటిది రోమాంచకం, రెండవది చేదు. ప్రసంగాలు మొదటిదాని వైపు మొగ్గడంలో వింత లేదు.

2004 డిసెంబరు 26 మరింత కఠినమైన పరీక్ష. అది ఆదివారం. క్రిస్మసు మరునాడు, తిరుకుటుంబ పండుగ. ఉదయం పూజల వేళకు సునామీ కోరమండల్ తీరాన్ని తాకింది. ఆంధ్ర తీరంలోనూ ప్రాణనష్టం జరిగింది. తమిళనాడులో నాగపట్నం జిల్లా అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్నది. ఆ జిల్లాలోని వేళాంగణ్ణి తెలుగు కతోలికులకు కూడా పరిచితమైన యాత్రాస్థలం. అక్కడ సముద్రపుటొడ్డున ఉన్న యాత్రికులు ఎందరో కొట్టుకుపోయారు. బసిలికా లోపలికి నీరు రాలేదన్న సంగతిని అద్భుతంగా చెప్పుకున్నవారున్నారు. లోపల ఉన్నవారు రక్షింపబడ్డారంటే, ఒడ్డున ఉన్నవారు ఏమయ్యారన్న ప్రశ్న ఆ మాటలోనే ఉంది. ఒడ్డున ఉన్నవారిలో అప్పుడే పూజ ముగించుకుని వచ్చినవారూ ఉండి ఉంటారు, పూజకు పోబోతున్నవారూ ఉండి ఉంటారు.

ఆనాటి సువిశేషం మత్తయి 2వ అధ్యాయం నుంచి తీసుకున్నది. కలలో హెచ్చరిక పొందిన యోసేపు రాత్రికి రాత్రి బిడ్డను, తల్లిని వెంటబెట్టుకుని ఐగుప్తుకు వెళ్లడం, హేరోదు మరణానంతరం తిరిగి రావడం అందులో ఉన్నాయి. పఠనక్రమం ఆ ఆదివారానికి 13 నుంచి 15 వరకు, 19 నుంచి 23 వరకు ఉన్న వచనాలను నిర్ణయించింది. మధ్యలోని 16, 17, 18 వచనాలు వదిలివేసింది. బేత్లెహేములో పసిపిల్లల వధ, బిడ్డలు లేరని ఓదార్పును నిరాకరించిన రాహేలు విలాపం ఉన్నది ఆ మూడు వచనాల్లోనే. కాబట్టి ఆ ఉదయం చదివిన భాగంలో హెచ్చరిక అంది తప్పించుకున్న ఒక బిడ్డ ఉన్నాడు. హెచ్చరిక అందక చనిపోయిన బిడ్డలు లేరు. తీరంలో దాదాపు ఎవరికీ హెచ్చరిక అందలేదు. తేదీ కుదిరింది, సముద్రం కుదిరింది, కుటుంబం కుదిరింది. బతికి బయటపడిన ప్రతి కుటుంబాన్నీ తిరుకుటుంబంతో పోల్చే అవకాశం ప్రసంగకర్తకు చేతికి అందింది. ఆ పోలిక చేయడం చనిపోయినవారిని కథ నుంచి రెండవసారి తొలగించడమే.

అయితే పఠనక్రమం ఆ మూడు వచనాలను శాశ్వతంగా మినహాయించలేదు. డిసెంబరు 28 నిర్దోష శిశువుల పండుగ. ఆ రోజు పఠనం 13 నుంచి 18 వరకు, విలాపంతో ముగుస్తుంది. 2004లో అది మంగళవారం. తీరంలో శవాల గుర్తింపు ఇంకా సాగుతున్న రోజు. ఆదివారం పఠనానికి లేని యోగ్యత మంగళవారం పఠనానికి ఉంది: అది ఓదార్చదు, కారణం చెప్పదు, ఓదార్పు వద్దన్న తల్లి మాటను ఉన్నదున్నట్టు వినిపించి ఆగుతుంది. వారపు రోజు పూజకు వచ్చేవారు తక్కువ కనుక దానిని విన్నవారూ తక్కువే.

కష్టం వచ్చిందంటే పాపం చేసి ఉంటారన్న అన్వయం అన్ని మతాల్లోనూ ప్రబలమైనదే. కర్మఫలమన్న మాటతో తెలుగునాట అది మరింత తేలికగా నోటికి వస్తుంది. ఈ ఒక్క అన్వయాన్ని పరిశుద్ధ గ్రంథమే పేరుపెట్టి నిషేధించింది. లూకా 13వ అధ్యాయంలో సిలోయము బురుజు కూలి 18 మంది చనిపోయిన వార్త ప్రస్తావనకు వస్తుంది. వారు యెరూషలేములోని ఇతరుల కంటె ఎక్కువ పాపులా అని యేసు అడిగి, కాదని తానే జవాబు చెబుతాడు. తరువాత పశ్చాత్తాపపడమని వింటున్నవారితోనే అంటాడు. వేలు చనిపోయినవారి వైపు నుంచి బతికున్నవారి వైపు తిరిగింది. ఈ భాగం లూకా సంవత్సరంలో తపస్కాలపు మూడవ ఆదివారానికి వస్తుంది. 2025లో మార్చి 23న వచ్చింది. బురుజు ఎవరు కట్టారు, పునాది ఎందుకు కదిలింది అన్న ప్రశ్నలు సువిశేషంలో లేవు. పాపపు లెక్కను పక్కన పెట్టగానే ఆ ప్రశ్నలకు చోటు దొరుకుతుంది.

ఒక దినపు కూలి

సామాన్య కాలం అన్న పేరు తెలుగులో కొంత తప్పుదారి పట్టిస్తుంది. లాటిను పేరుకు ‘ఏడాది పొడవునా సాగే కాలం’ అని అర్థం. 33 లేక 34 వారాల ఈ ఆకుపచ్చ కాలంలోనే పండుగ లేని బతుకు గడుస్తుంది. మత్తయి సంవత్సరంలో 25వ సామాన్య ఆదివారానికి ద్రాక్షతోట కూలీల ఉపమానం వస్తుంది. 2023లో సెప్టెంబరు 24న వచ్చింది, 2026లో సెప్టెంబరు 20న పడుతుంది. ఉదయం కుదిరినవారికీ సాయంత్రం ఒక్క గంట పని చేసినవారికీ యజమాని ఒకే దీనారం ఇస్తాడు. పొద్దంతా ఎండలో కష్టపడినవారు సణుగుతారు.

2008లో ఏర్పడిన శ్రీసిటీ కర్మాగారాల్లో మూడు షిఫ్టుల పని, పర్మినెంటు, కాంట్రాక్టు తేడాలు మామూలు సంగతులు. ఈ ఉపమానాన్ని అక్కడికి తీసుకురావడం సులువు, సరిగా తీసుకురావడం సులువు కాదు. యజమాని అడిగిన ప్రశ్నలో ఒకటి: దీనారానికి నీవు ఒప్పుకున్నావు కదా? ఏ కాంట్రాక్టరైనా ఇదే మాటను తక్కువ కూలికి సమర్థనగా వాడుకోవచ్చు. సువిశేషం నుంచే ఆధారం దొరికినట్టవుతుంది. కానీ ఉపమానంలోని యజమాని ఒప్పందాన్ని చూపి ఎవరి కూలినీ తగ్గించలేదు. గంట పనిచేసినవానిని రోజు కూలికి ఎత్తాడు. దీనారం ఆనాడు ఒక ఇంటికి ఒక దినం గడిచే మొత్తం. కొలత పనిగంటలు కాక ఇంటి అవసరం. పదమూడవ లియో పోపు 1891లో వెలువరించిన శ్రామిక లేఖలో ఇదే మాట మరో రూపంలో ఉంది: స్వేచ్ఛగా కుదిరిన ఒప్పందమైనా, కూలి మనిషి పోషణకు చాలకపోతే అది న్యాయం కాదు.

ఐనా సణిగినవారి పక్షం ఖాళీ మాట కాదు. 2016 అక్టోబరులో భారత సర్వోన్నత న్యాయస్థానం పంజాబు తాత్కాలిక ఉద్యోగుల కేసులో సమాన పనికి సమాన వేతనమన్న సూత్రాన్ని తాత్కాలికులకూ వర్తింపజేసింది. ఆ సూత్రం ప్రకారం చూస్తే ఉపమానంలో ఉన్నది అసమాన పనికి సమాన వేతనం. న్యాయం, ఔదార్యం ఒకదానితో ఒకటి కలియని ఈ చోట ప్రసంగకర్తలు సాధారణంగా దేవుని కృప వైపు, అంటే పరలోకం వైపు తప్పుకుంటారు. ఉపమానం పరలోకరాజ్యాన్ని గురించినదే కనుక వారికి ఆధారం లేకపోలేదు. కానీ సాయంత్రం అయిదింటికి ఎందుకు ఊరకే నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదన్న కూలీల జవాబు రహదారి పక్క అడ్డాలో నిలబడినవారు ఈ రోజు చెప్పే జవాబే. దానిని పరలోకానికి పంపించివేయడం కుదరదు.

వంతు

పులికాట్ సరస్సులో, ముఖ్యంగా దక్షిణ భాగాన, పాడు అనే పద్ధతి ఉంది. మంచి చేప పడే తావులను ఎవరూ శాశ్వతంగా సొంతం చేసుకోకుండా, హక్కున్న కుటుంబాలు వంతుల వారీగా వలలు వేసుకుంటాయి. పఠనక్రమానికి ఇంతకంటె దగ్గరి పోలిక ఈ తీరంలో దొరకదు. ప్రసంగకర్త తనకు నచ్చిన అధ్యాయంలోనే ఎల్లకాలం వల వేయకుండా వంతు అడ్డుపడుతుంది. ఇష్టం లేని భాగం వచ్చినప్పుడు కూడా దాని ముందు నిలబడవలసి వస్తుంది.

పోలిక ఇంకో వైపు కూడా కోస్తుంది. పాడు వంతు పట్టినవర్ కులంలోని హక్కుదారులకే; దళితులకు, చేతితో రొయ్య పట్టే గిరిజనులకు ఆ వరుసలో పేరు లేదు. పఠనక్రమంలోనూ బయట నిలిచిన వచనాలున్నాయి. రెండవ వాటికన్ మహాసభ అనంతరం సవరించిన నిత్యప్రార్థన గ్రంథంలో, శత్రువులను శపించే 58, 83, 109వ కీర్తనలకు చోటు దక్కలేదు. అన్యాయానికి గురైనవాని కోపం ప్రార్థనగా పనికిరాదన్న నిర్ణయం ఎవరి తరఫున జరిగిందో ఆలోచించదగినదే. మరోవైపు, బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి పీట వేసి పేదవానిని కింద కూర్చోబెట్టే సభను మందలించే యాకోబు లేఖ భాగం మార్కు సంవత్సరంలో 23వ సామాన్య ఆదివారానికి తప్పక వస్తుంది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళిత సాధికారత విధానాన్ని వెలువరిస్తూ శ్రీసభలో కుల వివక్ష ఉందని ఒప్పుకున్నది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. ఆ పదవి పొందిన తొలి దళితుడు ఆయన. యాకోబు లేఖ మాత్రం మూడేళ్లకొకసారి అదే మందలింపుతో వస్తూనే ఉంది. ఒక విచారణలో ఆ ఆదివారం దాన్ని చదివేది ఎవరు, ముందు వరుసలో కూర్చుని వినేది ఎవరు అన్నది కూడా అన్వయంలో భాగమే.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. లూకా సంవత్సరంలో పాస్కా కాలపు మూడవ ఆదివారానికి యోహాను సువిశేషం 21వ అధ్యాయం వస్తుంది: రాత్రంతా వేటాడినా ఒక్క చేపా పడని శిష్యులు, తెల్లవారగానే ఒడ్డున నిలబడిన అపరిచితుడు, కుడివైపు వల వేస్తే పడిన 153 పెద్ద చేపలు. 2019లో ఈ భాగం మే 5న, 2022లో మే 1న, 2025లో మే 4న వచ్చింది. మూడుసార్లూ పడవలు ఒడ్డునే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 26న రాష్ట్ర ప్రభుత్వం వేట నిషేధ భృతిని 20,000 రూపాయలకు పెంచి పంపిణీ మొదలుపెట్టిన వారం తరువాతి ఆదివారమది. వల నిండిన కథను వల ఎండిన నెలలో వినే మత్స్యకారునికి చేపల లెక్క కన్నా ముందు మరొకటి వినబడవచ్చు. శిష్యులు ఒడ్డుకు చేరేసరికి అక్కడ నిప్పులు రాజేసి ఉన్నాయి. వారు పట్టిన చేపలు ఇంకా వలలోనే ఉండగా, నిప్పుల మీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. వారు తెచ్చినవాటిలో కొన్ని కూడా ఇమ్మని ఆయన అడిగాడు. ఆ పఠనం మళ్లీ 2028 ఏప్రిల్ 30న వస్తుంది. నిషేధపు తేదీలు మారకపోతే అప్పటికి వేట ఆగి పదిహేను రోజులవుతుంది.